క్యూన్ ఇంటి పిల్లలు

కుటుంబం ఫొటో అంటే కుర్చీల్లో పెద్దలు, వెనక నిలబడ్డ పిల్లలు, అందరి చూపూ కెమెరా మీదే. హైన్రిష్ క్యూన్ తన పిల్లల్ని తీసిన ఫొటోల్లో ఈ వరుస కనిపించదు. ఒకరు వీపు తిప్పి ఉంటారు, ఇంకొకరి మొహం టోపీ నీడలో పోతుంది. ముక్కూ కళ్లూ సరిగా తేలకపోయినా ఎండ ఎటునుంచి పడుతోందో మాత్రం ఇట్టే తెలుస్తుంది.

1866లో డ్రెస్డెన్‌లో పుట్టిన క్యూన్ వైద్యం చదివి, ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో స్థిరపడ్డాడు. ఫొటో కూడా చిత్రకళే అని వాదించిన పిక్టోరియలిస్టుల్లో ముఖ్యుడు.

పిల్లల ఫొటోల్లోని మసక, ఫోకస్ కుదరక వచ్చింది కాదు, పని చేసి తెచ్చుకున్నది. క్యూన్ బాగా వాడిన గమ్ ముద్రణలో తుమ్మజాతి చెట్ల బంకకి రంగుపొడి, పొటాషియం బైక్రోమేట్ కలిపి, దళసరి కాగితానికి పూసి చీకట్లో ఆరబెడతారు. బొమ్మ ఎంత పెద్దది కావాలో అంత నెగెటివ్ దానిమీద పరిచి ఎండలో పెడతారు. వెలుతురు తగిలినచోట బంక బిగుస్తుంది. నీళ్లలో వేస్తే, తగలనిచోట రంగుతో సహా కరిగిపోతుంది. తడి ఆరకముందే కుంచెతో ఇంకొంచెం కడిగి, కావలసినచోట తెలుపు తేల్చుకోవచ్చు. ఒక్క పూతతో చిక్కటి నలుపు రాదు. కాగితం ఆరాక మళ్లీ పూసి, నెగెటివ్‌ని వెంట్రుకవాసి జరగకుండా అదేచోట పెట్టి, మళ్లీ ఎండ, మళ్లీ నీళ్లు. చిన్నచిన్న వివరాలన్నీ కాగితం గరుకులో కలిసిపోయి వెలుగునీడలే మిగులుతాయి.

కాబట్టి ఏది ఎంత తెల్లగా, ఎంత నల్లగా రావాలో ముందే తేల్చుకోవాలి. క్యూన్ అందుకోసమే పిల్లలకు బట్టలు కుట్టించేవాడు. 1907లో రంగుల ఫొటోలు తీసేందుకు లూమియర్ సోదరుల ఆటోక్రోమ్ గాజు పలకలు అమ్మకానికి వచ్చాక ఆ బట్టల్లోకి ఎరుపూ నీలమూ చేరాయి. బంగాళాదుంప పిండి రేణువులకు రంగులద్ది చేసిన ఆ పలకలకు వెలుతురు చాలా కావాలి, పిల్లలు కదలకుండా నిలబడాలి. కొండవాలులో హాయిగా తిరుగుతున్నట్టు కనిపించే పిల్లలు నిజానికి నాన్న చెప్పినచోట బిగుసుకుని ఉన్నవాళ్లే. ఎంత విసుక్కున్నారో పాపం!

పిల్లల తల్లి ఎమ్మా 1905లో చనిపోయింది. ఆ తర్వాతి చిత్రాల్లో నలుగురు పిల్లల పక్కన తరచూ కనిపించేది వాళ్లను చూసుకున్న మేరీ వార్నర్. కుటుంబంలో ఎవరికి ఎవరు ఏమవుతారో చెప్పడం మామూలు ఫొటో పని. ఇక్కడ ఆ సంగతి బయటివాళ్లం చెప్పుకోవలసిందే, బొమ్మ చెప్పదు.

1917 నాటికి పాల్ స్ట్రాండ్ లాంటి ఫొటోగ్రాఫర్లు పిక్టోరియలిస్టుల పద్ధతిని చిత్రకళకు నకలని కొట్టిపారేశారు. చాలామంది పిక్టోరియలిస్టుల విషయంలో ఆ మాట నిజమే. క్యూన్‌కి మాత్రం అంతగా అతకదు. అతను వెంటపడింది వెలుతురు మోతాదు కోసం. తర్వాత బొమ్మ మెత్తదనాన్ని ఎక్కువతక్కువలు చేసుకునేందుకు చిల్లుల బిళ్లలతో ఇమాగాన్ అనే లెన్సు రూపొందడంలోనూ అతని చెయ్యి ఉంది. రోడెన్‌స్టాక్ కంపెనీ దాన్ని అతను పోయాక కూడా చాలా ఏళ్లు అమ్మింది.