గడ్డి మీద నిలిచిన రాజ్యం

అమెరికా మైదానాల కొమాంచీలారా, మీకు కోటలు లేవు, సింహాసనాలు లేవు. ఆర్కాన్సా నదికి దక్షిణంగా టెక్సస్ లోపలిదాకా పరుచుకున్న పచ్చికే మీ ఖజానా. ముందుగా ఆ పచ్చికకు దండం.

షొషోనీ దాయాదులను విడిచి మైదానాలకు దిగివచ్చారు. స్పానిష్ వాళ్లు తెచ్చిన గుర్రం మీ చేతికందింది. మీ దశ తిరిగింది. తావోస్ సంతలో మీ బైసన్ తోళ్లకు మొక్కజొన్నలు, కత్తులు వచ్చాయి. మెక్సికో ఊళ్ల మీద పడి గుర్రాలనూ మనుషులనూ తోలుకొచ్చారు. ఆ బందీల కన్నీళ్లను ఈ స్తుతిలో దాచను.

మీ ఆడవాళ్ల చేతులకు మరో దండం. పచ్చి తోలును నేలమీద మేకులతో బిగించి, మోకాళ్ల మీద వంగి కొవ్వు గీకి, జంతువు మెదడే పూసి, మెత్తబడేదాకా నలిపిన చేతులవి. బేరం పెరిగేకొద్దీ వాటికి విశ్రాంతి తగ్గింది. మందలున్న మగవాడి ఇంట భార్యలు పెరిగారు, బందీలూ పెరిగారు. లేనివాడు వెనకబడ్డాడు.

ఆ కలిమిలోనే చేటు పొంచి ఉంది. చలికాలంలో ఏటి లోయల గడ్డీ నీళ్లూ మీ గుర్రాలకూ కావాలి, బైసన్లకూ కావాలి. 1840లో పొరుగు తెగలైన షయాన్లు, అరాపహోలతో సంధి కుదిరాక, ఒకప్పుడు పగవల్ల వేట సాగని సరిహద్దు నేలల్లోనూ వేట సాగింది. 1845 నుంచి ఏళ్ల తరబడి కరువు. 1780-81లో మశూచి, 1849లో కలరా మీ గుడారాలను ఖాళీ చేశాయి.

అయినా 1860ల నడుమ వానలు తిరిగొచ్చాయి, పచ్చిక మళ్లీ లేచింది, మీరూ లేచారు. ఈ సంగతి మరిచి, మీ అంతానికి మీరే కారణమంటే నేనొప్పుకోను.

1870ల మొదట్లో ఫ్యాక్టరీ యంత్రాల బెల్టులకు బైసన్ తోలు పనికొస్తుందని తేలింది. వేటగాళ్లు తోలు ఒలుచుకుపోయారు. మాంసం ఎండలో కుళ్లింది. 1874 సెప్టెంబరులో టెక్సస్‌లో మీరు దిగిన పాలో డ్యూరో లోయ మీద పడిన అమెరికా కల్నల్ మెకంజీ సేన మీ గుర్రాలను పట్టుకుంది. వెయ్యికి పైగా గుర్రాలను కాల్చి చంపింది. 1875 జూన్‌లో మీ నాయకుడు క్వానా పార్కర్ తన వాళ్లతో సైనిక స్థావరం ఫోర్ట్ సిల్‌లో లొంగిపోయాడు. అప్పటికి మీరంతా కలిసి రెండు వేలు కూడా లేరు. తర్వాత అమెరికా ప్రభుత్వం మనిషికి 160 ఎకరాలు కొలిచిచ్చి, మిగిలిన నేలలో చాలా భాగాన్ని 1901లో లాటరీ తీసి బయటివాళ్లకిచ్చింది. కరువు చేయలేని పనిని బజారూ, తుపాకీ, చట్టమూ కలిసి చేశాయి.

ఒక్లహోమాలోని లాటన్ దగ్గర నేడు మీ జాతి ప్రభుత్వం నడుస్తోంది. సభ్యులు 17 వేలకు పైనే.