ముందు క్రియాటినిన్

తిండి గురించి సలహాలకి తెలుగునాట ఎప్పుడూ కరువు లేదు. మంతెన సత్యనారాయణరాజు గారు ఉప్పూ నూనే లేకుండా వండుకోమన్నారు. కొన్నేళ్లకి వీరమాచనేని రామకృష్ణ గారు వచ్చి అన్నం మానండి, కొబ్బరినూనె, నెయ్యి దండిగా తీసుకోండి అన్నారు. ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. అయినా రెండిటితోనూ బరువు తగ్గామనేవాళ్లు మా చుట్టాల్లోనే ఉన్నారు, వాళ్లు చెప్పేదీ నిజమే. అందుకే "ఫలానావాళ్లు తగ్గారు" అన్న మాట ఒక్కటే నాకు చాలదు. నేను చూసేది ఒకటే: చెప్పే మనిషి ముందు మనల్ని ఏమైనా అడిగాడా?

శ్రీకాకుళం జిల్లా భావనపాడులో ఉండి ఈ మాట అంటున్నానంటే కారణం ఉంది. మాకు ఆనుకునే ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు... షుగరూ బీపీ లేనివాళ్లకి కూడా కిడ్నీలు పాడవుతున్న పల్లెలు. ఇన్నేళ్ల పరిశోధనలోనూ ఇదీ కారణమని తేలలేదు. తొలిదశలో నొప్పి ఉండదు, వాపు ఉండదు. రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ చూస్తేనే బయటపడుతుంది. అప్పటిదాకా తోటకో వేటకో వెళ్లొచ్చే మనిషి తనకేమీ లేదనే అనుకుంటాడు.

మొన్న మా వదిన ఫోన్‌లో వీడియో పెట్టి అడిగింది: "రోజుకి నాలుగు లీటర్లు నీళ్లు తాగాలంట, గుడ్లూ మాంసమూ తప్ప ఏటీ తినకూడదంట. సేయమంటావేటి బాబూ?"

"ముందు క్రియాటినిన్ సూపించుకున్నావా వదినా?" అన్నాను. వీడియో మొత్తం విన్నా ఆ ప్రశ్న మాత్రం రాలేదు.

కిడ్నీ దెబ్బతిన్నవాళ్లు మాంసకృత్తులు అతిగా తింటే కిడ్నీలకి వడపోత భారం పెరుగుతుంది. జబ్బు ముదిరితే పొటాషియం బయటికి పోక గుండె లయ తప్పుతుంది. అప్పుడు మా పెరట్లో కాసే బొండాం కూడా ప్రమాదమే. ఆరోగ్యానికి మంచిదని, సోడియం తక్కువని అమ్మే ఉప్పుల్లో చాలావాటిలో కలిపేది పొటాషియం క్లోరైడే. పొట్లం వెనక చదవనివాళ్లకి ఆ సంగతి తెలియదు. చోడి (రాగి) అంబలిని నేనూ ఇష్టంగా తాగుతాను. కానీ చోళ్లలో పొటాషియం, ఫాస్ఫరస్ తెల్లబియ్యంలో కంటే బాగా ఎక్కువ. పక్కింటాయనకి మేలు చేసిన గిన్నెడు అంబలే, కిడ్నీ జబ్బు ముదిరిన మనిషికి డాక్టరు వద్దనవచ్చు.

బరువు చూసే మిషన్ కూడా ఇక్కడ మోసం చేస్తుంది. ఆకలి చచ్చిపోయి, కండ కరిగి మనిషి చిక్కిపోతుంటే "బాగా తగ్గావు" అని మెచ్చుకుంటాం. కాళ్లకి నీరు పట్టి ముల్లు పెరిగితే "తిండి తగ్గించు" అంటాం. రెండూ కిడ్నీ జబ్బు లక్షణాలే కావచ్చు. డైటింగ్ చెయ్యకుండానే బరువు తగ్గినవాళ్లని ఆసుపత్రికి పంపాలి, అభినందించకూడదు. ఈ మాట గట్టిగానే చెబుతున్నాను.

మరి ఎవరి మాట నమ్మాలి? 1918లో కూనూరులో మొదలై, 1958లో హైదరాబాదుకి వచ్చిన జాతీయ పోషకాహార సంస్థ మనకి దగ్గరే ఉంది. 2024లో ఆ సంస్థ 17 ఆహార సూత్రాలు ప్రకటించింది. వారానికి అర కేజీ తగ్గితే క్షేమమంటుంది, రోజుకి 1000 కేలరీల లోపు తిండికి దిగవద్దంటుంది, ప్రొటీన్ పొడుల జోలికి పోవద్దంటుంది. ఉప్పు రోజుకి 5 గ్రాములు దాటకూడదంటుంది. నెలకి పది కేజీలని ఊరించే వీడియో పక్కన ఈ మాటలు చప్పగా వినిపిస్తాయి. నాకు మాత్రం ఆ చప్పదనమే నమ్మకం కలిగిస్తుంది. నడుం కొలత మగవాళ్లకి 90, ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలన్న లెక్కకి దర్జీ టేపు చాలు.

అయితే ఆ సూత్రాలు ఆరోగ్యంగా ఉన్నవాళ్ల కోసం రాసినవి. పరీక్షలో తేడా కనిపిస్తే ఎంత పప్పు, ఎన్ని నీళ్లు అన్నది రిపోర్టు చూసిన డాక్టరే చెప్పాలి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. వెళ్లేటప్పుడు ముందురోజు తిన్నదంతా కాగితం మీద రాసుకెళ్లండి: పచ్చడి, టీలు, వాడుతున్న నొప్పిమాత్రలతో సహా. ఎండుచేపని వండేముందు నానబెట్టి ఆ నీళ్లు పారబోస్తారా, లేక అలాగే కూరలో వేస్తారా అన్నదీ చెప్పండి. మన తీరంలో ఉప్పు లెక్క చాలామటుకు అక్కడే మారుతుంది.