మంచు కింద రంగుచేపలు

అక్టోబరు వచ్చేసరికి జపాన్‌లోని నీగాతా కొండల్లో చెరువుల తూములు ఒక్కొక్కటిగా తెరుచుకుంటాయి. నీళ్లు మోకాలి లోతుకు తగ్గాక మనుషులు రొంపిలోకి దిగుతారు. ఛాతీ దాకా రబ్బరు తొడుగులు, చేతుల్లో పొడవాటి లాగుడు వల. చెరో కొసా పట్టుకుని, తొందరపడకుండా, వలను అడుగడుగునా జరుపుకుంటూ చేపల్ని ఓ మూలకు తోలుతారు. బురదనీళ్లలో ముందు ఏమీ కనిపించదు. తర్వాత ఎక్కడో ఓ ఎర్రటి వీపు మెరుస్తుంది, దాని పక్కన తెల్లటిది, ఆ వెనక నల్లమచ్చలది. వేసవి మొదట్లో చెరువులో వదిలిన కోయ్ చేపను పెంపకందారు మళ్లీ కంటితో సరిగ్గా చూసేది ఈ రోజే. పెద్ద చేపను గరుకు వలతో ఎత్తితే పొలుసు లేస్తుంది, ఒంటిమీద జిగురు పోతుంది. అందుకని గొట్టంలాంటి మెత్తటి గుడ్డసంచిలోకి తలవైపు నుంచి జారనిచ్చి, ఇద్దరు కలిసి తొట్టెలోకి చేరుస్తారు. అక్కణ్నుంచి లారీలో ఊళ్లోని షెడ్డుకు. ఈ పట్టుబడికి కొన్ని రోజుల ముందే మేత ఆపేస్తారు. కడుపు ఖాళీగా ఉంటే ప్రయాణంలో నీరు పాడు కాదు, చేప ఒత్తిడిని తట్టుకుంటుంది.

ఇంత హడావిడి ఎందుకంటే వెనకాల మంచు తరుముకొస్తోంది. సైబీరియా నుంచి వీచే చలిగాలి జపాన్ సముద్రం మీద తేమను పీల్చుకుని, ఈ కొండలకు తగిలి మంచుగా కుమ్మరిస్తుంది. యమకోషి, ఒజియా ప్రాంతాల్లో కొన్నేళ్లు మూడు నాలుగు మీటర్ల ఎత్తున పేరుకుంటుంది. పాత రోజుల్లో దారులు మూసుకుపోతే ఊరు నెలల తరబడి తనకు తానే దిక్కు. మెట్లమెట్లుగా కట్టిన వరిమళ్ల పైన నీటి కోసం తవ్వుకున్న మడుగుల్లో జనం కార్ప్ చేపల్ని పెంచుకునేవారు. చలికాలంలో దొరికే మాంసం అదే. కృష్ణా, గోదావరి డెల్టాల్లో బంగారుతీగ అని పిలిచే చేపకు దగ్గరి బంధువే ఇది. వండుకోవడానికి దాచిన ఆ బూడిదరంగు చేపల్లో, 19వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో, అక్కడక్కడా ఎర్రమచ్చ ఉన్న పిల్లలు పుట్టాయి. ఎవరో వాటిని కూరకు తరగకుండా పక్కన పెట్టారు. రంగున్నదాన్ని రంగున్నదానితో కలుపుతూ పోతే ఇవాళ ప్రపంచమంతా ముచ్చటపడే నిషికిగోయ్, అంటే ఈ రంగుల కోయ్, తయారైంది. 1914లో టోక్యోలో జరిగిన తైషో ప్రదర్శనకు ఈ కొండవాళ్లు తమ చేపల్ని తీసుకెళ్లాకే దేశం వాటిని గుర్తించింది.

చలిని దాటించడం తెలియకపోతే ఈ చరిత్ర ఒక్క శీతాకాలంతో ముగిసిపోయేది. ఆ తెలివే తర్వాత తోటల్లోకి, దేశం దాటి లండన్, న్యూజెర్సీ ఇళ్ల పెరళ్లలోకి వెళ్లింది. కొలను ఉన్న ప్రతి ఇంట్లో ఏటా శరదృతువులో జరిగే పనులకు మూలం ఇక్కడ ఉంది. అయితే కొత్తగా కోయ్ పెంచేవాళ్లు చాలామంది అసలు సంగతిని తలకిందులుగా అర్థం చేసుకుంటారు. చలికి చేప చచ్చిపోతుందని భయపడి దాన్ని వెచ్చగా, నిండా మేపుతూ ఉంచాలని చూస్తారు. కోయ్‌ని చలి చంపడం అరుదు. కుళ్లిన ఆకు, అరగని మేత, అదేపనిగా కలిపిన నీరు, ఇవే చంపుతాయి. వీటిలో మూడొంతులు యజమాని ప్రేమలోంచి వచ్చేవే.

నీటికి ఒక విచిత్రమైన గుణం ఉంది. చల్లబడే కొద్దీ బరువెక్కుతూ వచ్చి, నాలుగు డిగ్రీల దగ్గర అత్యంత బరువుగా మారుతుంది. అంతకన్నా చల్లబడితే మళ్లీ తేలికై పైకి వస్తుంది. అందుకే గడ్డకట్టడం పైనుంచే మొదలవుతుంది, లోతైన కొలను అడుగున నాలుగు డిగ్రీల పొర నిలబడుతుంది. కోయ్ ఆ పొరలోకి దిగి, రెక్కలు ముడుచుకుని, దాదాపు కదలకుండా నెలలు గడుపుతుంది. దాని ఒంటి వేడి నీటి వేడే కనుక గుండె, శ్వాస, అరుగుదల అన్నీ మందగిస్తాయి. చల్లని నీటిలో ప్రాణవాయువుకూ కొదవలేదు. 30 డిగ్రీల నీరు లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాములు పట్టుకుంటే, నాలుగు డిగ్రీల నీరు 13 మిల్లీగ్రాములు పట్టుకుంటుంది. ఇవన్నీ కుదరాలంటే ఒక్కటే షరతు, లోతు. నాలుగడుగులకు తక్కువ లోతున్న కొలనులో, మంచు గట్టిగా పడే చోట, కోయ్‌ని శీతాకాలం వదిలేయకపోవడమే మంచిది. అలంకారం కోసం అడుగున్నర లోతుతో కట్టిన కొలను ఎంత అందంగా ఉన్నా డిసెంబరులో అది చేపలకు ఉచ్చు.

పనుల్లో మొదటిది ఆకు రాలకముందే వల పరచడం. ఆకు నీటిలో పడి అడుక్కి చేరి కుళ్లుతుంది, కుళ్లేటప్పుడు ప్రాణవాయువును లాగేస్తుంది, గాలి చొరని బురదలోంచి హైడ్రోజన్ సల్ఫైడ్ లాంటి విషవాయువులు పుడతాయి. ఎండాకాలంలో అయితే అవి పైకి తేలి గాల్లో కలిసిపోతాయి. పైన మంచుపలక మూత వేసిందంటే మాత్రం చేప ఆ నీటినే పీల్చాలి. అందుకని వల పరిచాక, అంతకుముందే పేరుకున్న బురదను తోడాలి, వాడిన కలువాకుల్ని కాడతో సహా కోసేయాలి. ఈ పని నీరు ఇంకా వెచ్చగా ఉండగానే పూర్తికావాలి. నీరు చల్లబడ్డాక అడుగు కెలికితే అప్పుడే కుదురుకున్న చేపలు బెదిరి శక్తిని వృథా చేసుకుంటాయి. కలువ, తామర తీసేశాక కొలను బోసిపోతుంది, దాంతో పాటు చేపలకు చాటు కూడా పోతుంది. అందుకే ఐరోపా తోటల్లో ఆకులు రాలడం ఆగాక కూడా ఆ వలను కొంగల బారి నుంచి చేపల్ని కాపాడేందుకు అలాగే ఉంచేస్తారు.

జపాన్ తోటల్లో ఈ తయారీ కొలనుతో ఆగదు. కనజావాలోని కెన్రోకు-ఎన్ తోటలో ఏటా నవంబరు 1న తోటమాలులు కసుమిగా-ఇకె కొలను ఒడ్డునున్న కరసాకి పైన్ చెట్టు మీద ఎత్తయిన గడలు నిలబెట్టి, వాటి చివరల నుంచి కొమ్మకొమ్మకూ తాళ్లు కట్టడం మొదలుపెడతారు. తడిమంచు బరువుకు కొమ్మలు విరగకుండా పట్టే తాళ్లవి. పర్యాటకులు ఫొటోల కోసం ఎగబడే దృశ్యం అది. నీటి కింద జరిగే సర్దుడు ఎవరి కెమెరాకూ చిక్కదు గానీ రెండు పనుల వెనకా ఆలోచన ఒకటే. మంచు వచ్చాక చేయగలిగింది తక్కువ, రాకముందు చేయాల్సింది ఎక్కువ.

ఇక మేత. కార్ప్ జాతికి జీర్ణాశయం లేదు. తిన్నది దాచుకోవడానికి గాదె లేని ఇల్లు లాంటిది దాని ఒళ్లు, నోట్లో పడింది నేరుగా పేగులోకి పోతుంది. ఆ పేగు పనిచేసే వేగం నీటి వేడిని బట్టి ఉంటుంది. నీరు 15 డిగ్రీలకు దిగేసరికి మాంసకృత్తులు ఎక్కువున్న వేసవి మేత మానేసి, సులువుగా అరిగే గోధుమ బీజాంకురంతో చేసిన మేత కొద్దికొద్దిగా వేస్తారు. పది డిగ్రీల దగ్గర అదీ ఆపేస్తారు. జనవరిలో ఓ ఎండరోజు చేపలు పైకొచ్చి నోరు తెరిచి అడిగినా వేయరు. పెంపకంలో కష్టమైన పని ఇదే కావచ్చు. పిల్లలు డబ్బా పట్టుకుని కొలను గట్టున నిలబడితే వాళ్లను ఆపడం ఇంకా కష్టం. కానీ సాయంత్రానికి నీరు మళ్లీ చల్లబడితే పేగులో మేత అరగకుండా నిలిచిపోతుంది. తినకుండా మిగిలినదేమో నీటిలో కుళ్లి అమ్మోనియాగా మారుతుంది. ఆ అమ్మోనియాను హరించే సూక్ష్మజీవులు కూడా చలికి మందగించి ఉంటాయి కనుక వడపోత యంత్రం తిరుగుతున్నా ప్రయోజనం అంతంతే. వేసవి, శరత్తుల్లో పట్టిన కొవ్వుతో చేప ఆ మూడు నాలుగు నెలలూ హాయిగా నెట్టుకొస్తుంది.

పంపు సంగతి దగ్గర అనుభవజ్ఞులు కూడా రెండుగా చీలిపోతారు. ఏడాది పొడవునా ఆపకూడదని ఒక వర్గం, ఆపేయాలని ఇంకో వర్గం. నీరు గడ్డకట్టే చోట రెండో వర్గం వాదనలోనే పస ఎక్కువ కనిపిస్తుంది. అడుగున ఉన్న పంపు ఆ నాలుగు డిగ్రీల పొరను తోడి పైకి పంపుతుంది, పైని చల్లనీరు కిందికి దిగుతుంది, చేపలకు తలదాచుకునే చోటు మిగలదు. కృత్రిమ జలపాతం ఉంటే మరీ ముప్పు, పలచటి నీటి తెర చలిగాలికి ఆరి కొలనంతా మరింత చల్లబడుతుంది. జలపాతం ఆపి, గొట్టాలు పగలకుండా వాటిలోని నీరు ఖాళీ చేసి, పంపును అడుగు నుంచి ఎత్తి నడిమి లోతులో పెట్టేవాళ్లు మధ్యేమార్గం పట్టినవాళ్లు. చాలామంది ఓ గాలిరాయిని లోతు తక్కువ చోట వేలాడదీసి ఊరుకుంటారు. దాని బుడగలు పైన చిన్న కన్నం గడ్డకట్టకుండా చూస్తాయి. ఆ కన్నం లోపలి విషవాయువులు బయటికి పోవడానికి. రాత్రికి రాత్రి అది మూసుకుపోయిందనుకోండి, సుత్తితో కొట్టకూడదు. ఆ దెబ్బ నీటిలో పాకి కింద కదలకుండా ఉన్న చేపల ఈదుసంచిని అదరగొడుతుంది. వేడినీళ్ల గిన్నె మంచుమీద పెడితే గుండ్రంగా కరిగి దిగుతుంది, అంతే. మంచుపలక మీద పడిన తెల్లమంచును మాత్రం ఊడ్చేయాలి. వెలుగు కిందికి పోతేనే నీటిమొక్కలు ప్రాణవాయువు విడుస్తాయి.

నీగాతా పెంపకందారులు ఇప్పుడు ఇంత లెక్క కొలనులోనే చూసుకోరు. షెడ్లలో సిమెంటు తొట్లు, వేడినీటి ఏర్పాట్లు, గాలి యంత్రాలు వచ్చాయి. ఆ ఏడు పుట్టిన పిల్లల్ని వెచ్చని నీటిలో చలికాలమంతా మేపి పెంచుతారు, పెద్దవాటిని చల్లబడనిస్తారు. చలి తగిలితే ఎరుపు, నలుపు తేటపడి గట్టిపడతాయని వాళ్ల నమ్మకం. అఖిల జపాన్ కోయ్ ప్రదర్శన టోక్యోలో చలికాలంలోనే జరగడం ఆ నమ్మకానికి బాగా కలిసొస్తుంది. పట్టుబడి ముగిసే రోజుల్లోనే వేలాలు కూడా ఊపందుకుంటాయి. 2018 అక్టోబరులో హిరోషిమా ప్రాంతంలోని సకై పెంపకశాలలో ఎరుపు తెలుపుల కొహకు జాతి చేప ఒకటి 20 కోట్ల 30 లక్షల యెన్‌లకు పోయింది.

షెడ్లలోని ఆ యంత్రాల మీద ఆధారపడటంలోని ప్రమాదం 2004 అక్టోబరు 23 సాయంత్రం బయటపడింది. నీగాతాలోని చూయెత్సు ప్రాంతాన్ని ఆ సాయంత్రం కుదిపిన భూకంపం తీవ్రత జపాన్ కొలతలో 6.8. సరిగ్గా పట్టుబడి రోజులు. కొన్ని చేపలు కొండ చెరువుల్లో, కొన్ని అప్పుడే షెడ్లకు చేరి ఉన్నాయి. చెరువు గట్లు తెగాయి, కరెంటు పోయి గాలి యంత్రాలు ఆగిపోయాయి. దారులన్నీ కొండచరియల కింద పడిపోవడంతో యమకోషిలోని రెండు వేల పైచిలుకు జనాన్నీ హెలికాప్టర్లలో తరలించారు. ఎన్నో చేపలు చచ్చిపోయాయి. మిగిలిన వాటిలో తల్లిచేపల్ని, తరాల వంశం ఉన్నవాటిని, మంచు పడేలోగా హెలికాప్టర్లతోనే కిందికి దించారు. ఒక తల్లిచేప పోతే దాని వెనకున్న దశాబ్దాల ఎంపిక కూడా పోయినట్టే కనుక ఆ ఖర్చును అక్కడ ఎవరూ దుబారా అనుకోలేదు. 2005లో యమకోషి నగావోకా నగరంలో కలిసింది. 2017లో జపాన్ వ్యవసాయ శాఖ ఈ మంచుసీమ వరి, కోయ్ సాగును జాతీయ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. వసంతంలో కరిగే మంచే చెరువులనూ నింపుతుంది, కింది వరిమళ్లనూ తడుపుతుంది కాబట్టి రెంటినీ కలిపే లెక్కేశారు.

తెలుగునాట నీరు గడ్డకట్టదు, కానీ చలికాలాన్ని ఇక్కడి చేపల రైతు తేలిగ్గా తీసుకోడు. భీమవరం, కైకలూరు వైపు చెరువుల్లో డిసెంబరు, జనవరి అంటే పుండ్ల జబ్బు కాలం. వానలు వెనకబట్టి నీరు చల్లబడ్డాక ఓ బూజు జాతి జీవి కారణంగా శీలావతి, ఎర్రమోసుల ఒంటిమీద ఎర్రటి పుండ్లు లేస్తాయి. ముందు జాగ్రత్తగా సున్నం చల్లుతారు, జబ్బు కనిపిస్తే భువనేశ్వర్‌లోని మంచినీటి చేపల పరిశోధన సంస్థ తయారుచేసిన సీఫాక్స్ వాడతారు. బంగారుతీగకు మాత్రం ఈ జబ్బు సాధారణంగా సోకదు.

హైదరాబాదు విల్లాల్లో, హోటళ్ల ముంగిట్లో ఇప్పుడు కోయ్ కొలనులు బాగా పెరిగాయి. వీటికి ఇంటర్నెట్లో దొరికే పాశ్చాత్య జాగ్రత్తల పట్టీ చాలావరకు పనికిరాదు. మంచుకు కన్నం పెట్టే అవసరం రాదు, పంపు ఆపనక్కర్లేదు, మేత పూర్తిగా మానేయనక్కర్లేదు. పనికొచ్చేవి రెండే. ఒకటి, మేత వేళ మార్చడం. తెల్లవారుజామున చల్లబడిన నీటిలో కాకుండా మధ్యాహ్నం ఎండ తగిలాక, వేసవిలో వేసేదానికన్నా తక్కువ వేయాలి. రెండోది ఆకు. జపాన్‌లో, ఐరోపాలో ఆకు శరత్తులో రాలుతుంది. మన బాదం, వేప, రావి ఆకు రాల్చేది చలి వెనకబట్టే రోజుల్లో. అక్టోబరులో వల కొని పరిచిన ఇంటాయన దీపావళికల్లా విసుగెత్తి తీసేస్తాడు, ఆకు రాలే వేళకు కొలను బోసిగా ఉంటుంది. ఇక్కడ వల సంక్రాంతి దాటాక పరచాలి, ఉగాదికి చెట్లు చిగిర్చేదాకా తీయకూడదు.