బయటి యంత్రాల నుంచి క్లస్టర్‌కు జాబ్‌లు పంపడం: విమర్శనాత్మక పరిశీలన

లాగిన్ నోడ్, షెడ్యూలర్, కంప్యూట్ నోడ్‌లు ఏమేం చేస్తాయో కిందటి భాగంలో చదివారు. అక్కడ జాబ్ పంపే వ్యక్తి ముందే క్లస్టర్ లోపల ఉన్నాడని అనుకుని మాట్లాడుకున్నాం. నిజానికి మీరు ఇంట్లో ల్యాప్‌టాప్ ముందు ఉంటారు, క్లస్టర్ మరో ఊళ్లో ఉంటుంది. ఈ దూరాన్ని ఏ వ్యవస్థ ఎంతవరకు లెక్కలోకి తీసుకుందో ఇప్పుడు చూద్దాం.

ముందుగా స్లర్మ్. ఐఐటీ హైదరాబాద్‌లోని పరమ్ సేవతో సహా ఎన్నో చోట్ల ఉన్నది ఇదే. దాని ఆదేశాలను మన ల్యాప్‌టాప్‌లోనే ఇన్‌స్టాల్ చేసుకుంటే సరిపోదా అని మీకు అనిపించవచ్చు. సరిపోదు. ఒక అభ్యర్థన ఫలానా యూజర్‌దేనని స్లర్మ్ నమ్మడానికి సాధారణంగా మంజ్ అనే సేవ ఆధారం. క్లస్టర్‌లోని యంత్రాలన్నిటిలో మంజ్‌కు ఒకే రహస్య కీ ఉంటుంది. ఆ కీ మీ ల్యాప్‌టాప్‌కు వస్తే, రూట్ అధికారం మీదే కనుక, ఏ యూజర్ పేరుతోనైనా మీరు జాబ్ పంపగలరు. అందుకే అడ్మినిస్ట్రేటర్లు దాన్ని ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. ఒకే ప్రహరీ లోపల అందరూ నమ్మకస్తులే అన్న ఊహ మీద కట్టిన వ్యవస్థ ఇది. ఆ ఊహ వల్ల నిర్మాణం సరళమైంది, బయటివాడు మాత్రం గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

కాబట్టి అందరూ ఎస్‌ఎస్‌హెచ్‌తో లాగిన్ నోడ్‌లోకి వెళ్లి ఎస్‌బ్యాచ్ ఆదేశం ఇస్తారు. ఈ పద్ధతి మీద నా అభ్యంతరం ఎన్‌క్రిప్షన్ గురించి కాదు, అది గట్టిదే. మీకు కావలసింది ఒక జాబ్ పంపడం, మీ కీ ఇస్తున్నది పూర్తి షెల్. 2020 మే నెలలో ఐరోపాలోని పలు సూపర్‌కంప్యూటర్ కేంద్రాలు చొరబాట్ల కారణంగా యూజర్ల ప్రవేశాన్ని ఆపేయాల్సి వచ్చింది. ఎడిన్‌బరోలోని ఆర్చర్ వాటిలో ఒకటి. దొంగిలించిన ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ వివరాలతో చొరబాటుదారులు ఒక కేంద్రం నుంచి మరో కేంద్రానికి పాకారు. పాస్‌ఫ్రేజ్ లేని కీని ల్యాప్‌టాప్‌లో ఉంచుకునే అలవాటు మీకుంటే ఇప్పుడే మానుకోండి.

అంతగా చర్చకు రాని లోపం ఇంకొకటి ఉంది. ఎస్‌బ్యాచ్ ఇచ్చాక, జాబ్ నంబర్ మీకు చేరకముందే నెట్ తెగిపోయిందనుకోండి. జాబ్ క్యూలో చేరిందా, లేదా? మళ్లీ పంపితే అదే పని రెండుసార్లు నడిచి, ఒకే అవుట్‌పుట్ ఫైల్ మీద రెండూ రాయవచ్చు. అందుకే ప్రతి జాబ్‌కు ప్రత్యేకమైన పేరు పెట్టండి, తిరిగి పంపేముందు ఆ పేరుతో క్యూను, పూర్తయిన జాబ్‌ల పట్టికను చూడండి. (ఒక్కసారి చూడండి చాలు. స్క్రిప్టుతో ప్రతి రెండు సెకన్లకూ క్యూను అడిగితే షెడ్యూలర్ మీద భారం పడుతుంది.)

హెచ్‌టీకాండర్ తీరు వేరు. విస్కాన్సిన్-మాడిసన్ విశ్వవిద్యాలయంలో 1980లలో, బల్లల మీద ఖాళీగా ఉన్న వర్క్‌స్టేషన్లను వాడుకోవడానికి ఇది పుట్టింది. ఆ యంత్రాలకు ఉమ్మడి డిస్క్ ఉంటుందన్న భరోసా లేదు. అందువల్ల ఏ ఫైళ్లు వెళ్లాలో, ఏవి తిరిగి రావాలో జాబ్ వివరణలోనే రాసే వీలు పెట్టారు. స్పూల్ ఆప్షన్‌తో పంపితే ఫైళ్లు అవతలి యంత్రంలో నిల్వ అవుతాయి, మీరు ల్యాప్‌టాప్ కట్టేసుకోవచ్చు. జాబ్ పూర్తయ్యాక మామూలు అమరికలో 10 రోజుల వరకు ఫలితం మీకోసం ఆగుతుంది. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని చోట ఇది చిన్న సౌకర్యం కాదు. అయితే ఒక్క డేటా ఫైల్ పేరు రాయడం మరిచిపోయినా గంటలకొద్దీ క్యూలో నిలబడ్డాక జాబ్ విఫలమవుతుంది. పైగా మీకు ఖాతా ఇచ్చే కేంద్రం ఏ షెడ్యూలర్ పెట్టుకుందో మీ చేతిలో లేదు.

గ్లోబస్ టూల్‌కిట్ గురించి క్లుప్తంగా చాలు. దాని ప్రాక్సీ సర్టిఫికెట్ మామూలుగా 12 గంటలే చెల్లేది, జాబ్ రెండు రోజులు క్యూలో ఉంటే దాన్ని పొడిగించడానికి వేరే ఏర్పాటు కావాల్సి వచ్చేది. జాబ్ స్థితి తెలిపే సందేశాలు యూజర్ యంత్రంలోకే రావాలి కనుక ఫైర్‌వాల్ వెనుక ఉన్నవారికి ఇబ్బంది.

స్లర్మ్ 2020లో రెస్ట్ సేవను చేర్చింది. దీనికి మంజ్ కీ బదులు టోకెన్ చూపిస్తే చాలు. ప్రత్యేకంగా అడగకపోతే టోకెన్ గడువు 30 నిమిషాలే, కాబట్టి అది దొంగ చేతిలో పడినా నష్టం కొంత పరిమితం. దిశ సరైనదే. కానీ ఫైళ్లను చేరవేసే పని ఈ సేవ చేయదు, దానికి మరో దారి చూసుకోవాలి. కేంద్రం వేరే ఏర్పాటు చేయకపోతే, ఆ టోకెన్ తెచ్చుకోవడానికి కూడా మీరు మొదట ఎస్‌ఎస్‌హెచ్‌తో లాగిన్ నోడ్‌కే వెళ్లాలి.