దారం తెచ్చేవాడు, కూలి కట్టేవాడు: లేసు అల్లిక ప్రేమకథల సంకలనానికి ప్రాతిపదిక

కీలక పదాలు: లేసు అల్లిక, పాలకొల్లు, నరసాపురం, ప్రేమకథ, సంకలనం, అతుకుపని, గృహిణీకరణ.

ప్రవేశిక

పలువురు రచయితల కథలను ఒకచోట కూర్చడం తెలుగులో కొత్త కాదు. 'కథాసాహితి' 1990 నుంచి వెలువరించిన వార్షిక సంకలనాలకు కాలం ప్రమాణం. సత్యం శంకరమంచి 'అమరావతి కథలు', వంశీ 'మా పసలపూడి కథలు' ఒక ఊరిని ప్రమాణంగా తీసుకున్నవే గాని, అవి ఒక్క చేతి రచనలు. ఒక చేతిపనిని ప్రమాణంగా తీసుకొని, అందులోనూ అల్లికను తీసుకొని, పలువురి చేత ప్రేమకథలు రాయించి కూర్చే పద్ధతి ఆంగ్లంలో స్థిరపడినంతగా తెలుగులో స్థిరపడలేదు. అటువంటి సంకలనం ఆరంభించదలచినవారికి పాలకొల్లు పరిసరాలకు మించిన క్షేత్రం తెలుగునేలపై దొరకదు. అక్కడి అల్లిక మాత్రం చలిదేశపు ఊలు అల్లిక కాదు, కొక్కెం సూదితో నూలుదారాన్ని అల్లే లేసు. ఈ భేదం ముడిసరుకుతో ఆగదు, కథాస్వరూపాన్నే మారుస్తుంది.

పని స్వభావం, కథాకాలం

ఊలు అల్లికలో రెండు సూదులుంటాయి. వరుసలోని కుట్లన్నీ ఏకకాలంలో సూదిపై సజీవంగా ఉంటాయి కనుక ఒకటి జారితే కింది వరుసలూ జారతాయి. లేసు అల్లికలో ఒక్క కొక్కెం, దానిపై ఒక్క ముడి. ఎక్కడైనా ఆపవచ్చు, పొయ్యిమీద అన్నం దింపి వచ్చి మళ్ళీ అక్కడినుంచే అందుకోవచ్చు. ఇంటిచాకిరీ నడుమ ఇమిడే ఈ గుణమే ఈ పనిని డెల్టా ఇళ్ళలో నిలబెట్టిన కారణాలలో ఒకటి. దీనిని కథకుడు పట్టించుకోవాలి. లేసు కథలో కాలం అఖండంగా సాగదు, తెగుతూ, అతుకుతూ నడుస్తుంది. ప్రేమ ఊహ సైతం పిల్లవాడి ఏడుపు దగ్గర ఆగి, మధ్యాహ్నం అరుగుమీద తిరిగి మొదలవుతుంది. వర్ణనకోసం సూదినీ దారాన్నీ అలంకారంగా వాడి, ఈ తెగుడును గుర్తించని కథ ఎంత సొగసుగా ఉన్నా సంకలనంలో చోటుకు తగదు.

ఈ విషయంలో గోదావరి జిల్లాల సాహిత్యంలోనే మేలైన దృష్టాంతం ఉన్నది. శ్రీపాద సుబ్రహ్మణ్య శాస్త్రి 'గులాబీ అత్తరు'లో అత్తరు తయారీ నేపథ్యం కాదు, కథనానికి ఇరుసు. పనివాడి నైపుణ్యానికీ దానిని గుర్తించవలసిన దివాణానికీ మధ్య నిలిచే మనుషులే ఆ కథలోని సంఘర్షణ. లేసు కథలకు కావలసిన మూస ఇదే. ప్రేమకథ కాకపోవడం దానికి లోపం కాదు.

గడప దాటి వచ్చే పురుషుడు

డెబ్బీ మెకాంబర్ 2004లో ప్రచురించిన 'ది షాప్ ఆన్ బ్లాసమ్ స్ట్రీట్' నవలలో సియాటిల్ నగరపు ఊలు దుకాణం యజమానురాలి జీవితంలోకి ప్రేమ సరుకు తెచ్చి ఇచ్చే యువకుని రూపంలో వస్తుంది. అక్కడ అల్లిక సొంత డబ్బు పెట్టి నేర్చుకునే తీరిక పని. స్త్రీలు ఇల్లు దాటి దుకాణానికి వస్తారు. దారం మోసుకొచ్చే పురుషునికి వారి కూలితో నిమిత్తం లేదు.

ఇదే ఏర్పాటును పాలకొల్లుకు సుమారు 10 కిలోమీటర్ల దూరంలోని నరసాపురానికి తెస్తే అంతా తలకిందులవుతుంది. 19వ శతాబ్దిలో క్రైస్తవ మిషనరీలు మతం మారిన పేద స్త్రీలకు నేర్పిన ఈ పని క్రమంగా గోషా పాటించే కాపు కుటుంబాలలోకీ వ్యాపించి, ఎగుమతి వ్యాపారంగా ఎదిగింది. మరియా మీస్ 1982లో వెలువరించిన 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' ఈ వ్యవస్థను విడమరచి చూపింది. దారం ఏజెంటు ఇంటికి తెచ్చి ఇస్తాడు, అల్లిన సరుకు పట్టుకుపోతాడు, పనిని లెక్కగట్టి కూలి ఇస్తాడు. ఇల్లు దాటని ఆడపిల్ల గడపలోకి బంధువు కాకుండానే వచ్చే వీలున్న పురుషుడు అతడే. ప్రేమకథ రాయబోయే వారికి మొదట తట్టే నాయకుడూ అతడే. అయితే దారం తెచ్చే చెయ్యే కూలి కోసే చెయ్యి. చిక్కు అక్కడే ఉన్నది.

తెలుగు జనప్రియ నవల ఇటువంటి చిక్కును వివాహంతో విప్పింది. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ'లో ఉద్యోగం ఇచ్చినవాడే ప్రేమికుడు. ఆ నవల పాఠకురాలికి ఇచ్చిన ఆత్మగౌరవ స్పృహను తక్కువ చేయనక్కరలేదు. కాని అదే ముగింపును లేసు కథకు అతికిస్తే వచ్చే ఫలితం వేరు. మీస్ వాదనలోని కీలకాంశం గృహిణీకరణ: ఈ స్త్రీలు కార్మికులు కారని, తీరికవేళ అల్లుకునే గృహిణులని చెప్పడం వల్లనే వారి కూలి వ్యవసాయ కూలీ స్త్రీల కూలికన్నా దిగువన నిలిచిందని ఆమె నిరూపించింది. ఏజెంటు అల్లికపిల్లను పెళ్ళాడి ఆమెను 'కష్టం నుంచి తప్పించే' కథ, వ్యాపారి ఏ మాట చెప్పి కూలి తగ్గించాడో ఆ మాటనే శుభం కార్డుగా వేస్తుంది. పెళ్ళి తరువాత ఆమె అల్లుతూనే ఉంటుంది, లెక్క మాత్రం ఉండదు.

అట్లాగని దోపిడీ ఉన్నచోట ప్రేమకథ రాయరాదన్న అభ్యంతరం నిలిచేది కాదు. కూలిలెక్కలకు మాత్రమే పాత్రమైన స్త్రీ కూడా సగం స్త్రీయే. ఆమె కోరిక, అసూయ, పరిహాసం సమాజశాస్త్ర గ్రంథంలో ప్రధానాంశాలు కావు, కాబట్టే కథ అవసరం. అడగవలసినది ఒకటే: ప్రేమ కుదిరిన తరువాత కూలిసంగతి ఏమయిందో కథకు తెలుసా? కొత్త శాంపిలు పట్టుకొచ్చిన యువకుణ్ణి ఇష్టపడుతూనే ముక్కకు ధర పెంచమని పట్టుబట్టే నాయిక, ఎవరి దగ్గర తాను మెత్తబడగలదో ఎవరి దగ్గర మెత్తబడకూడదో తెలిసిన నాయిక, తెలుగు ప్రేమకథలో ఇంకా అరుదు.

సంపాదకత్వం ఒక అతుకుపని

ఈ పనిలో చేతిపని వేరు, అతుకుపని వేరు. ఒక పెద్ద బల్లగుడ్డకు కావలసిన ముక్కలు పలు ఇళ్ళలో తయారై, మరొక చేతిలో కలుస్తాయి. ఒకే నమూనా, ఒకే దారం అయినా చేతి బిగి మారితే ముక్క కొలత మారుతుంది. పలువురు కథకుల సంకలనానికీ ఇదే ఇబ్బంది. సంపాదకుడు కొలతలన్నీ సమం చేయబోతే కథలు ఒకే గొంతుతో పలుకుతాయి, చేయకపోతే అంచులు కలవవు. పాలకొల్లు విషయంలో గొంతులు కలిసిపోవడమే పెద్ద నష్టం. మిషనరీల దగ్గర నేర్చిన ఇంటి జ్ఞాపకమూ, గోషా ఇంటి జ్ఞాపకమూ ఒకటి కావు. మొదటిదానిలో సూది చదువుతో పాటు వచ్చింది, రెండవదానిలో బయటికి వెళ్ళకపోవడానికి సాకుగా వచ్చింది. ఇద్దరినీ ఒక్క రచయిత సమానంగా పలికించడం కష్టం కనుకనే ఇక్కడ బహురచయితల సంకలనం సౌకర్యం కాదు, అవసరం.

నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. గుర్తింపు ప్రాంతానికి దక్కింది, ముక్క అల్లిన మనిషి పేరు బల్లగుడ్డపై ఎన్నడూ ఉండదు. కథాసంకలనంలో ప్రతి ముక్కకూ పేరుంటుంది. పారితోషికం విషయంలో మాత్రం తెలుగు సంకలనాలు చాలావరకు రెండు ప్రతులతో సరిపెడుతున్నాయి. లేసు కూలిని గురించి కథలు పిలిచే ప్రకటనలో కథకు ఎంత ఇస్తారన్నది మొదటి పంక్తిలోనే ఉండడం ఉచితం.