‘పడదు’ – ఒక మాట, మూడు అర్థములు

ఆహారమును గూర్చి తెలుగు ఇండ్లలో తరచుగా వినవచ్చు మాట ‘పడదు’. ‘మా పిల్లవానికి గుడ్డు పడదు’, ‘ఆయనకు పాలు పడవు’, ‘బాలింతకు వంకాయ పడదు’ అని చెప్పుకొనుట అందరును ఎరిగినదే. మొదటి వాక్యములో ప్రాణాపాయము కలిగించు వ్యాధి ఉండవచ్చును. రెండవ దానిలో కొద్దిపాటి కడుపుబ్బరము ఉండవచ్చును. మూడవది చాలవరకు ఆచారము. ఈ మూడింటికిని ఒకే మాట వాడుటచే రెండు విధముల నష్టము కలుగుచున్నది. నిజముగా అపాయము గలవాని మాటను ఇతరులు పట్టించుకొనరు; అపాయము లేనివారు బలవర్ధకమైన ఆహారమును వదలుకొందురు.

ఈ మాటను పరీక్షించుటకు గరికపాడు వంటి గ్రామము తగినది. ఇది జగ్గయ్యపేట మండలములో, హైదరాబాదు – విజయవాడ రహదారిపై, తెలంగాణ సరిహద్దున ఉన్నది. కృష్ణాజిల్లా మెట్ట ప్రాంతములోని ఈ ఊరు 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు చెందిన కృషి విజ్ఞాన కేంద్రము ఇచ్చట కలదు. కంది, పెసర, మినుము పండు మెట్ట సీమ యిది. పప్పులేని పూట ఇచ్చటి ఇండ్లలో అరుదు. కనుక ‘ఏది ఎవరికి పడదు’ అను ప్రశ్న ఇచ్చట పుస్తకములోని ప్రశ్న కాదు, ప్రతి పూటా కంచము ముందు ఎదురగు ప్రశ్న.

శరీరములో జరుగునది

‘ఎలర్జీ’ అను పదమును 1906లో వియన్నా వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే సృష్టించెను. ఆహారము వలన కలుగు ఎలర్జీకి కారణము రక్తములోనే ఉన్నదని 1921లో ప్రౌస్నిట్జ్, క్యుస్ట్నర్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు తమ శరీరములపైననే ప్రయోగము చేసి చూపిరి. క్యుస్ట్నర్‌కు ఉడికించిన చేప తిన్నచో దద్దుర్లు లేచి, ఊపిరాడక బాధ కలిగెడిది. అతని రక్తరసమును ప్రౌస్నిట్జ్ తన చర్మములోనికి ఎక్కించుకొనెను. మరునాడు అదే చోట చేప సారమును ఎక్కించగా ఆ భాగము ఎఱ్ఱబారి, దురదతో ఉబ్బెను. ఒకరి ‘పడకపోవుట’ మరియొకరి చర్మమునకు ఈ విధముగా చేరినది. రక్తరసములోని ఆ పదార్థము ఒక ప్రతిరక్షకమని 1960ల మధ్యలో అమెరికాలో ఇషిజాకా దంపతులును, స్వీడనులో యోహాన్సన్, బెన్నిక్ అనువారును విడివిడిగా కనుగొనిరి. దానికి 1968లో ‘ఐ.జి.ఇ.’ అను పేరు స్థిరపడినది.

ఈ ప్రతిరక్షకము చర్మములోను, శ్వాసనాళములలోను, ప్రేగులలోను ఉండు కొన్ని కణములను అంటిపెట్టుకొని యుండును. ఆహారములోని ఒకానొక మాంసకృత్తు దానికి తగిలినంతనే ఆ కణములు హిస్టమిన్ మున్నగు పదార్థములను ఒక్కసారిగా విడుదల చేయును. అందుచే కొద్ది నిమిషములలో, సాధారణముగా రెండు గంటల లోపల, దద్దుర్లు, పెదవుల వాపు, వాంతి, ఆయాసము కలుగును. చాల కొద్ది పరిమాణము తిన్నను ఇట్లు జరుగవచ్చును.

పాలు త్రాగిన పిదప కడుపుబ్బరము కలుగుట తరచుగా వేరొక కారణము వలన జరుగును. పాలలోని లాక్టోజు అను చక్కెరను విడగొట్టు ఎంజైము పెద్దవారిలో తగ్గిపోవుటయే దీనికి హేతువు. దక్షిణ భారతదేశములో ఇట్టివారు చాలమంది కలరు. వారిలో అనేకులు పెరుగును, మజ్జిగను ఏ బాధయు లేక పుచ్చుకొనగలరు. ఇది ఇబ్బందియే గాని ప్రాణాపాయము కాదు. పాల మాంసకృత్తుతోనే ఎలర్జీ గల శిశువునకు పెరుగు కూడ ప్రమాదకరమే. ఈ రెండింటిని ‘పాలు పడవు’ అను ఒక్క మాటతో చెప్పినచో, ఒకరికి తగిన సలహా మరియొకరికి కీడు చేయును.

‘పుండు మీద పప్పు తిన్నచో చీము పట్టును’, ‘గుడ్డు వేడి చేయును’ అనునవి మూడవ తెగకు చెందినవి. పుండు మానుటకు మాంసకృత్తులు అవసరము. ఆ సమయములోనే పప్పును, గుడ్డును మాన్పించుట శరీరమునకు కావలసినదానిని దాచిపెట్టుటయే.

పరీక్షయు పొరబడును

అయితే ఈ లోపమును పల్లెవారి అమాయకత్వమునకు మాత్రమే అంటగట్టుట న్యాయము కాదు. చర్మముపై చేయు పరీక్షను, రక్త పరీక్షను తప్పుగా చదివినచో అవియు ‘పడదు’ అను మాట వంటివే యగును. కర్ణాటకలో జరిగి 2016లో ప్రకటింపబడిన ఒక పెద్ద పరిశోధనలో 11,791 మంది వయోజనులను తొలుత ప్రశ్నించి, వారిలో కొందరిని వివరముగా పరీక్షించిరి. ఏదో ఒక ఆహారమునకు ఐ.జి.ఇ. గలవారు 26.5 శాతము ఉందురని తేలెను. కాని తిన్నప్పుడు బాధ కలిగి, ఎలర్జీ ఉండవచ్చునని నిర్ణయింపదగినవారు 1.2 శాతము మాత్రమే. అనగా పరీక్షలో ప్రతిచర్య కనబడినంత మాత్రమున వ్యాధి ఉన్నట్లు కాదు. తిన్నప్పుడు ఏమి జరిగినదో ఆ వృత్తాంతముతో కలిపి చూచినప్పుడే పరీక్షకు అర్థము కలుగును.

వంకాయ విషయమును మైసూరులో 741 మందిపై పరిశీలించి, ఆ ఫలితములను 2008లో ప్రకటించిరి. వంకాయ వలన బాధ గాని, చర్మ పరీక్షలో ప్రతిచర్య గాని కనబడినవారు సుమారు 9 శాతము. నిజమైన ఎలర్జీ 1 శాతమునకు లోపుగనే తేలెను. ‘వంకాయ దురద’ను గూర్చి పెద్దలు చెప్పినది పూర్తిగా కల్ల కాదని దీని వలన తెలియుచున్నది. ఆ మాటను అందరికిని వర్తింపజేయుట మాత్రము పొరపాటు. ఇక వందల ఆహారములకు ఐ.జి.జి. పరీక్షలు చేసి ‘ఇవి మీకు పడవు’ అని పెద్ద జాబితాలు చేతికిచ్చు ప్రయోగశాలల విషయము మరింత విమర్శింపదగినది. ఆహారమును తినుచున్నవారిలో ఐ.జి.జి. ఉండుట సహజము. ఎలర్జీ నిర్ణయమునకు అది పనికిరాదని వైద్య సంఘములు స్పష్టముగా చెప్పినవి.

నిపుణులును ఒకప్పుడు పొరబడిరి. ఎలర్జీ వచ్చు అవకాశము హెచ్చుగా ఉన్న పిల్లలకు మూడేండ్లు నిండువరకు వేరుసెనగ పెట్టరాదని 2000లో అమెరికా శిశువైద్యుల సంఘము సలహా ఇచ్చెను. తగిన ఆధారము లేదని 2008లో ఆ సలహాను విరమించుకొనెను. 2015లో లండనులో 640 మంది శిశువులపై జరిగిన పరిశోధన ఫలితములు వెలువడెను. మొదట చర్మ పరీక్షలో ప్రతిచర్య లేని శిశువులలో, వేరుసెనగ వదలినవారికి ఐదేండ్ల వయస్సున 13.7 శాతము ఎలర్జీ కలుగగా, క్రమముగా తిన్నవారికి 1.9 శాతము మాత్రమే కలిగెను. కారణము లేని నిషేధమే కొందరిలో వ్యాధికి దారి తీయవచ్చునని దీని భావము. (పసిపిల్లలకు గింజలుగా పెట్టిన గొంతులో అడ్డుపడును, మెత్తగా నూరి పెట్టవలెను. తీవ్రమైన గజ్జి వంటి చర్మవ్యాధి గాని, గుడ్డు ఎలర్జీ గాని ఉన్న శిశువులకు వైద్యుని సలహా ముందుగా పొందవలెను.)

పొట్లము మీది పట్టిక

మన దేశములో 2020 నాటి ఆహార లేబులు నియమములు ఎలర్జీ కలిగించు పదార్థములను పొట్లముపై ప్రకటింపవలెనని ఆదేశించినవి. గ్లూటెను గల ధాన్యములు, రొయ్య పీత జాతి, పాలు, గుడ్డు, చేప, వేరుసెనగ బాదము వంటి గింజలు, సోయా, సల్ఫైటు – ఇవి ఆ పట్టికలోనివి. ఇది మేలైన పనియే. కాని ఈ పట్టిక పడమటి దేశముల భోజనబల్లను చూచి వ్రాసినట్లున్నది. శనగ, కంది, మినుము, పెసర ఇందు లేవు. శనగపిండి వలన ఎలర్జీ కలిగిన ఉదంతములు మన దేశములోనే నమోదైనవి. నువ్వులును ఇందు లేవు. అమెరికాలో 2023 నుండి నువ్వులను తప్పక ప్రకటింపవలసియున్నది.

రెండవ లోపము మరింత పెద్దది. పొట్లములో అమ్మని ఆహారమునకు లేబులు ఉండదు. భోజనశాలలలో ఈ సమాచారము తెలుపవలెనను నియమము కేంద్ర లైసెన్సు గాని, పది అంతకు మించిన శాఖలు గాని గల సంస్థలకే వర్తించును. రహదారి ప్రక్కన బజ్జీలు వేయు బండికి, పెండ్లి పంక్తికి, తిరునాళ్ళ మిఠాయి దుకాణమునకు ఇది వర్తింపదు. వేరుసెనగ వేయించిన నూనెలోనే బజ్జీలు వేసినచో, తెలుపు పట్టిక ఏదియు లేదు. ఇట్టిచోట రక్షణ యంతయు నోటి మాట మీదనే ఆధారపడియున్నది. కావుననే ఆ మాట స్పష్టముగా ఉండవలెను.

బడిలో చేయదగినది

ఆంధ్రప్రదేశ్ బడులలో మధ్యాహ్న భోజనమునకు 2020 జనవరి నుండి వారమునకు ఐదు గుడ్లును, వేరుసెనగ చిక్కీయు చేర్చబడెను. 2024లో ఆ పథకమునకు డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టబడెను. పేద పిల్లలకు ఇది గొప్ప మేలు. ఆ పంక్తిలోనే గుడ్డుతోనో, వేరుసెనగతోనో ఎలర్జీ గల పిల్లవాడు ఒకడు కూర్చుండవచ్చును. వాడు ‘నాకు పడదు’ అన్నచో పెంకితనమని బలవంతముగా తినిపించుట ఒక తప్పు. ‘వేడి చేయును’ అని ఇంటివారు చెప్పినంతనే మరియొక బిడ్డకు గుడ్డు మాన్పించుట రెండవ తప్పు.

ఈ రెండును తొలగుటకు నాలుగు ప్రశ్నలు చాలును. ఏమి తినెను? ఎంత సేపటికి బాధ కలిగెను? ఏ బాధ కలిగెను? తిన్న ప్రతిసారియు కలుగుచున్నదా? ‘చిక్కీ తిన్న పది నిమిషములకు పెదవులు వాచినవి, రెండుసార్లు అట్లే జరిగినది’ అను జవాబు వైద్యునికి వెంటనే చూపదగినది. ‘ఎప్పుడును తినలేదు, నాయనమ్మ వద్దన్నది’ అను జవాబు వేరు. ఈ జవాబులను తేదీతో సహా బడి పుస్తకములో వ్రాసియుంచుట మంచిది. పాలు, గుడ్డు వలన కలుగు ఎలర్జీ చాలమంది పిల్లలలో పెరిగినకొలది తగ్గిపోవును. రెండేండ్ల వయస్సున చెప్పిన ‘పడదు’ పన్నెండేండ్లకును చెల్లునో లేదో వైద్యుడు మరల చూడవలెను. ఇంటివద్ద తినిపించి పరీక్షించుట ప్రమాదము.

నాలుక వాచి, గొంతు బొంగురుపోయి, ఆయాసము గాని స్పృహ తప్పుట గాని కలిగినచో అది ఎనఫిలాక్సిస్ అను తీవ్రస్థితి. అప్పుడు ఇంటి వైద్యముతో కాలము గడుపరాదు. పిల్లవానిని నడిపింపక పడుకొనబెట్టవలెను, ఆయాసమున్నచో కూర్చుండబెట్టవలెను. వెంటనే 108కి తెలుపవలెను. తొడ కండరములో ఇచ్చు ఎడ్రినలిన్ సూదిమందే దీనికి మొదటి చికిత్స. దురద తగ్గించు మాత్ర దానికి బదులు కాజాలదు. ఎడ్రినలిన్ మన అత్యావశ్యక ఔషధముల జాతీయ పట్టికలో ఉన్న మందు. దగ్గరి ఆరోగ్య కేంద్రములో అది ఉన్నదో లేదో ఉపాధ్యాయులు ముందుగనే విచారించి యుంచుకొనవలెను.

‘పడదు’ అను మాటను భాషనుండి తొలగింపనక్కరలేదు. తిన్నదానికిని బాధకును సంబంధము కలదని గమనించిన పెద్దల పరిశీలన అందులో ఉన్నది. ఆ పరిశీలనకు ఎవరికి, ఎప్పుడు, ఎంత సేపటికి, ఏమైనది అను వివరములు చేర్చినప్పుడే అది విజ్ఞానమగును. ఆ వివరములు అడుగు అలవాటు తరగతి గదిలో మొదలైనచో అచ్చటినుండి వంటింటికి చేరుటకు ఎంతో కాలము పట్టదు.