రీస్ చట్టము: మేలు, కొఱత
2020లో అమెరికాలో బిళ్ళ బ్యాటరీని మ్రింగి మరణించిన పసిబిడ్డ పేరిట 2022లో రీస్ చట్టము వెలువడినది. బ్యాటరీ అరను పిల్లలు తెరువలేకుండ బిగింపవలెనని అది విధించుచున్నది. ఇది మెచ్చదగినదే. కాని అపాయము అరలో లేదు, బిళ్ళలోనే కలదు. 20 మిల్లీమీటర్ల లిథియమ్ బిళ్ళ అన్నవాహికలో చిక్కుకొన్నచో విద్యుత్తు ప్రవహించి, ఋణధ్రువమువద్ద క్షారము పుట్టి, రెండు గంటలలోనే కణజాలమును కాల్చివేయగలదు. వాడి తీసివేసిన బిళ్ళకును ఈ శక్తి మిగిలియుండును. ఆ పాత బిళ్ళ బల్లసొరుగులో పడియున్నచో అరకు బిగించిన మర ఏమి చేయగలదు?

అనుమానము కలిగినంతనే, వాంతి చేయింపక, బిడ్డను ఆసుపత్రికి చేర్చి ఎక్స్-రే తీయింపవలెను. ఏడాది నిండి, మ్రింగగల బిడ్డకు, 12 గంటలు దాటకున్నచో, పది నిమిషములకొకసారి రెండు చిన్న చెంచాల తేనెను ఆరు మార్లకు మించక ఈయవచ్చును. అందుకై ప్రయాణము ఆపరాదు.